గుడ్డికన్ను పట్టీ

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. సోమ్లిని అత్త ఏనాడూ కొట్టలేదు. తోడికోడలు ద్వాలి ఏనాడూ ఆమెను చూసి నవ్వలేదు. అయినా సోమ్లి ఇరవై ఏళ్లపాటు కడుపులో నిప్పులు పోసుకుని బతికింది. ఎవరో పోసిన నిప్పులైతే నీళ్లు చల్లి ఆర్పేవాళ్లు. తానే పోసుకున్నవాటికి మందేముంది?

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే చోట వాళ్ల తండా. దేవ్లా, బిచ్యా అన్నదమ్ములు. దేవ్లా భార్య సోమ్లి పెద్దకోడలు, బిచ్యా భార్య ద్వాలి చిన్నకోడలు. రెండిళ్లకూ మధ్య ఒక కంచె మాత్రమే అడ్డం. ఆ కంచెకు ఇవతల నిలబడి అవతల ఏం జరుగుతోందో చూడటం సోమ్లికి నిత్యకృత్యం. ద్వాలి కోడి పొదిగితే, ఇటు సోమ్లి కోడికి తిట్లు పడేవి. ద్వాలి మిరపచేను కాపు బాగుందని ఎవరైనా అంటే ఆ పూట దేవ్లాకు చప్పటి కూరే గతి. పాపం దేవ్లాకు ఎందుకో తెలిసేది కాదు. ఉప్పు మరిచిందనుకుని తినేసేవాడు.

ద్వాలి చెడ్డమనిషైనా బాగుండేది. తిట్టుకోవడానికి ఒక దారి దొరికేది. ఆ పిల్ల కూర వండితే ఒక గిన్నె ఇటు పంపేది, సోమ్లికి జ్వరమొస్తే గేదెపాలు తనే పిండిపెట్టేది. అలాంటి మనిషి మీద అసూయపడటం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు.

అన్నిటికన్నా పెద్ద మంట మాత్రం కుట్టుపని దగ్గర. సోమ్లి సూది పడితే తండాలో ఆమెను మించినవాళ్లు లేరు. కుట్టు కుట్టుకూ మధ్య చీమ కూడా దూరదు. కానీ ద్వాలికి రంగుల కన్ను ఉంది. ఎరుపు పక్కన ఏం పెట్టాలో, నీలం ఎక్కడ ఆపాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. తీజ్ పండుగనాడు ఆడవాళ్లంతా చేరి ఆడుతుంటే ముసలమ్మలు సోమ్లి పేట్యాను దగ్గరికి లాక్కుని కుట్టు చూసి మెచ్చుకునేవాళ్లు. పేట్యా అంటే లంబాడీ స్త్రీలు కట్టుకునే కుచ్చుల పావడా. మెచ్చుకోవడం అయ్యాక మాత్రం వాళ్ల కళ్లు దూరంగా ఆడుతున్న ద్వాలి మీదికి పోయేవి. దగ్గరికి పిలిచి చూడాల్సింది సోమ్లిని, దూరం నుంచే చూడబుద్ధయ్యేది ద్వాలిని. ఈ తేడా సోమ్లికి బాగా అర్థమైంది.

సోమ్లికి ఆ చేతిపని తల్లి కమ్లి నుంచి వచ్చింది. ఏన్కూరు దగ్గరి తండాలో కమ్లి కుట్టిన అద్దాల పట్టీ అంటే పెళ్లిళ్లలో చెప్పుకునేవాళ్లు. ఆమెకు ఒక ఆనవాయితీ ఉండేది. అద్దం బిళ్లలన్నీ వరసగా కుట్టుకుంటూ పోయి, ఒకచోట మాత్రం నల్లదారంతో చుట్టూ కుట్టి లోపల అద్దం పెట్టేది కాదు. చిన్నప్పుడు సోమ్లి అడిగింది, అద్దం తక్కువపడిందా అని.

"తక్కువ గాలే బిడ్డా. ఇది గుడ్డికన్ను," అంది కమ్లి. "మంచిదాన్ని జూస్తే ఓర్వలేని కన్ను ఒకటి ఎప్పటికైనా పడ్తది. అన్ని అద్దాలల్ల తిరిగి తిరిగి ఈడికొచ్చి గుద్దుకోవాలె. ఈడ ఏం కనవడదు. గట్ల దిష్టి పోతది."

సోమ్లి పెళ్లికి కమ్లి అలాంటి పట్టీ కుట్టి పేట్యాకు వేసి ఇచ్చింది. అదే చేత్తో కుట్టిన రవికె కూడా పెట్టింది. వాళ్లలో ఆడవాళ్లు చాలాకాలానికి కలుసుకుంటే మెడ కౌగిలించుకుని రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపులోనే ఉన్న సంగతులన్నీ చెప్పుకుంటారు, పంట సంగతి, మొగుడి సంగతి, లోపల దాచుకున్న సంగతి. ఒకరు ఏడుస్తుంటే రెండోవాళ్లు మెడ పట్టుకుని వంత కలపాలి. ఒంటరిగా ఏడవనివ్వకూడదు. పెళ్లయ్యాక సోమ్లి మొదటిసారి పుట్టింటికి పోయినప్పుడు తల్లీ కూతుళ్లు అలా ఏడ్చారు. రెండోసారి పోయేసరికి కమ్లి లేదు, జ్వరమొచ్చి పోయింది. ఆ తర్వాత సోమ్లి ఎవరి మెడ పట్టుకునీ మనసారా ఏడవలేదు.

ఎనభై నాలుగులో ఒకరోజు తుల్సీరాం వచ్చాడు. తండాలో మొదట పదో తరగతి గట్టెక్కినవాడు, భద్రాచలంలో గిరిజన సంక్షేమం ఆఫీసులో అటెండరు. అందరినీ పోగేసి చెప్పాడు.

"హైదరాబాద్ల మ్యూజియం ఉంటది. పాత రాజుల కత్తులు, గిన్నెలు, బొమ్మలు పెట్టే ఇల్లు. ఇప్పుడు మన ఆడోళ్ల బట్టలు గూడ పెడ్తరట. అద్దాల బీరువల పెట్టి లైట్లేస్తరట. వచ్చే వారం మేడం వస్తది. తండా మొత్తంల ఒక్క జత తీస్కుంటరు. కుట్టినామె పేరు గూడ రాస్తరు."

"మనం కట్టి ఇడిసిన పావడలు జూడనీకి టికెట్ గొంటరా?" అని ముసలి లచ్చిరాం పొట్ట పట్టుకుని నవ్వాడు. అందరూ నవ్వారు. సోమ్లి నవ్వలేదు. ఒక్క జత అన్న మాట ఆమె చెవిలో పడి అక్కడే కూర్చుంది. కంచెకు అవతల ఉన్న మనిషిని ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఓడించే అవకాశం ఇదే అనుకుంది.

మరునాడే జూలూరుపాడు సంతకు పోయింది. అక్కడ గాజులు, పూసలు, లేసులు అమ్మే చందూలాల్ దుకాణం ముందు కూర్చుని అన్నీ తిరగేసింది. మెరిసే బంగారురంగు లేసు చూపించి చందూలాల్ ఊరించాడు.

"ఇప్పుడంత గిదే ఫ్యాషన్ అక్కా. పట్నంల పెద్దపెద్దోళ్లు గిదే ఏస్తున్నరు. గా మసిబట్టిన అద్దాలు ఎవలు జూస్తరు? గీ ప్లాస్టిక్ అద్దాలు జూడు, ఎండల వెడ్తే కండ్లు చెదురుతయ్."

సోమ్లి లేసూ ప్లాస్టిక్ అద్దాలూ మూటగట్టుకుని ఇంటికొచ్చింది. రేకుపెట్టెలోంచి పెళ్లి పేట్యా తీసింది. తల్లి కుట్టిన పట్టీ మీద అద్దాలు నిజంగానే మసకబారాయి, గవ్వలు పసుపెక్కాయి, దారాలు వెలిశాయి. వాళ్ల తండాలో ఒక మాట ఉంది, తల్లి చేతి కుట్టు విప్పితే తల్లి చెయ్యి విరిచినట్టేనని. సోమ్లికి ఆ మాట గుర్తు రాలేదని కాదు. గుర్తొచ్చింది. బాగుచేస్తున్నానే గాని విప్పడం లేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. తలుపు దగ్గరికేసుకుని బ్లేడుతో పట్టీని మొత్తం తెంపి, ఆ జాగాలో లేసూ కొత్త అద్దాలూ కుట్టింది. గుడ్డికన్ను పెట్టలేదు. తెంపిన పట్టీని మూలన చింకిగుడ్డల్లో పడేసింది.

మజ్జిగ ఇవ్వడానికి వచ్చిన ద్వాలి కంట అది పడింది.

"అక్కా, గా పాత పట్టీ నాకియ్యరాదే? నా పేట్యాది ఎలకలు గొరికినయ్. మేడం వచ్చేనాటికి ఏదో ఒకటి ఎయ్యాలె గదా."

సోమ్లికి లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. పెద్దమనసు చేసుకున్నట్టు ముఖం పెట్టి పట్టీ తీసి ద్వాలి చేతిలో పడేసింది.

"తీస్కపో. నీ పేట్యాకు గంతకంటె ఏం గావాలె," అంది.

మేడం వచ్చిన రోజు తండా అంతా మంచాలు బయటవేసి వాటి మీద బట్టలు పరిచారు. మేడం పేరు నిర్మలాదేవి. సత్తుపల్లి వైపు రైతుల ఇంటి ఆడపిల్లే, హైదరాబాదులో చదువుకుని మ్యూజియంలో ఉద్యోగం చేస్తోంది. జీపు దిగి ఒక్కో మంచం దగ్గరా ఆగుతూ వచ్చింది. సోమ్లి పేట్యా ఎండలో ధగధగలాడుతోంది. చుట్టూ పిల్లలు మూగారు. నిర్మలాదేవి లేసు మీద వేలు ఆనించి చూసి, "చాలా కష్టపడ్డావమ్మా, కుట్టు బాగుంది," అని నవ్వి ముందుకు కదిలింది. ఆ నవ్వు ఎలాంటిదో సోమ్లికి అంతుబట్టలేదు. మెచ్చుకుందనే అనుకుంది.

పక్క మంచం ద్వాలిది. నిర్మలాదేవి అక్కడ వంగింది. పేట్యా తిరగేసి, పట్టీ వెనకవైపు చాలాసేపు చూసింది.

"ఈ పట్టీ ఎవరు కుట్టారమ్మా?" అని అడిగింది.

ద్వాలి సోమ్లి వైపు తిరిగి, "గిది మా అక్కది..." అని మొదలుపెట్టింది. ఇంత మెరిసే పేట్యా ముందు ఆ మాసిపోయిన ముక్క నాదంటే మేడం ఏమనుకుంటుంది? పైగా పట్టీ తెంపిన సంగతి తండా ముందు బయటపడుతుంది. సోమ్లి చటుక్కున అడ్డం పడింది.

"మాది గాదు. గసొంటి పాతది మా ఇంట్ల ఉండదు. గది వాళ్ల పుట్టింటిది."

పెద్దకోడలు అన్నాక చిన్నకోడలు కాదనేదేముంది? ద్వాలి తల వంచుకుంది.

నిర్మలాదేవి మంచం పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. "మాకు కావాల్సింది ఈ పాతదేనమ్మా," అంది. "ఇన్ని ఊళ్లు తిరిగాను గాని ఇలాంటి చెయ్యి చూళ్లేదు. ఇదే తీసుకుంటాం."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? సోమ్లి చేతులు కాదు, నోరు కాలింది. సొంత తల్లి కుట్టును పదిమంది ముందు మాది కాదన్న నోరు. పేట్యాను తెల్లటి బట్టలో చుట్టి జీపులో పెడుతుంటే ఆమె గుంజ పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రమే ద్వాలి వచ్చింది. "అక్కా, మేడం ఇయ్యాల జూలూరుపాడులనే ఉంటదంట. పోయి ఉన్నదున్నట్టు జెప్పొద్దమా?"

"ఏమని జెప్తవే? మా యాడి కుట్టు నేను బ్లేడ్ వెట్టి కోసిన్నని తండాకంత చాటింపేస్తవా?" అని సోమ్లి కస్సుమంది. వాళ్ల భాషలో యాడి అంటే తల్లి. "ఇంకోసారి గీ మాటెత్తితే నీ ఇంటికి నాకు సంబంధం లేదు. నోరు మూస్కో."

ద్వాలి నోరు మూసుకుంది. చెప్పొద్దన్నదీ తనే, చెప్పలేదని కుళ్లుకున్నదీ తనే. అసూయకు న్యాయం ఎక్కడుంది?

ప్రదర్శన మొదలైన రోజు ద్వాలిని కారులో హైదరాబాదు తీసుకుపోయారు. పేపర్లో ఫోటో పడింది. తుల్సీరాం అది తెచ్చి చదివి వినిపిస్తే తండా అంతా చప్పట్లు కొట్టింది. ఆ ఫోటోకు అద్దం కట్టించి బిచ్యా గుమ్మం మీద తగిలించాడు. కంచెకు ఇవతల నిలబడితే సరిగ్గా అదే కనిపించేది. సోమ్లి తన పొయ్యి జాగా మార్చి ఇంటి వెనక్కి పెట్టుకుంది. మ్యూజియం ద్వాలి అని పేరొచ్చాక పట్నం నుంచి సంచులకూ దిండుగలీబులకూ ఆర్డర్లు రావడం మొదలైంది. ఆ పిల్ల పనిలో సగం తెచ్చి, "నీ అంత సన్నగ నాకు రాదక్కా," అంటూ సోమ్లి ఒళ్లో పెట్టేది. సోమ్లి కుట్టేది. ప్రతి కుట్టుకూ ద్వాలిని తిట్టుకుంటూ కుట్టేది. చందూలాల్ లేసు మాత్రం రెండో వానాకాలానికే నల్లబడింది. ఆ పేట్యా మళ్లీ పెట్టెలోంచి బయటికి రాలేదు.

ఫోటో పడిన యేడు సోమ్లి ఒక మొక్కు కూడా మొక్కింది, ద్వాలి మిరపచేను ఎండిపోవాలని. మనిషికి ఎంత కడుపుమంట ఉంటే దేవుణ్ణి ఇలాంటి పనికి పిలుస్తుంది!

తొంభైలో ఆఫీసువాళ్లు హైదరాబాదులో చేతిపనుల మేళా పెట్టారు. తుల్సీరాం ఇద్దరినీ రమ్మన్నాడు. ఎప్పుడు పిలిచినా రానని మొండికేసే సోమ్లి ఈసారి సరేనంది. ఆమె లెక్క ఆమెకుంది. అక్కడ తండావాళ్లు ఉండరు. మేడంకు నిజం చెప్పి అక్కడ రాసిన ద్వాలి పేరు మార్పించాలి, ఎలా తెంపిందన్నది మాత్రం ఎవరికీ తెలియకూడదు. రుజువు కోసం తల్లి కుట్టిన రవికెను మూటలో పెట్టుకుంది. అదే చెయ్యి, అదే గుడ్డికన్ను. రెండూ పక్కపక్కన పెడితే ఎవరు కాదంటారు?

మేళా అయ్యాక తుల్సీరాం ఇద్దరినీ మ్యూజియంకు తీసుకుపోయాడు. నిర్మలాదేవి ఎదురొచ్చి, "రా ద్వాలీ, ఎన్నాళ్లకి!" అని చెయ్యి పట్టుకుంది. తర్వాత సోమ్లి వైపు తిరిగి, "మీ అక్కా?" అంది. ముందు ద్వాలి, తర్వాత తను, ఆ వరసే చాలు సోమ్లికి ఒళ్లు మండటానికి.

పెద్ద హాలు. మధ్యలో అద్దాల గదిలో ముఖం లేని బొమ్మ నిలబడి ఉంది. దాని నడుముకు పేట్యా, పేట్యాకు కమ్లి పట్టీ. కింద అట్ట మీద అక్షరాలు. తుల్సీరాం వేలు పెట్టి చదివాడు. "లంబాడీ స్త్రీ ఉడుపు. ఖమ్మం జిల్లా. కుట్టినవారు ద్వాలి."

సోమ్లి పళ్లు బిగించి మూట విప్పింది. రవికె చేత్తో పట్టుకుని, గుడ్డికన్ను చూపించడానికి అద్దానికి దగ్గరగా వంగింది. పై వరసలో లేదు. కింది వరస వెతికింది. చివరికి నల్లదారం కనిపించింది గాని లోపల ఖాళీ లేదు. ఒక అద్దం బిళ్ల ఉంది, మిగతావాటికన్నా కొంచెం పెద్దది.

"గాడ ఒక అద్దం రాలిపోయిందనుకున్న అక్కా," అంది ద్వాలి పక్కనుంచి. "నా పాత పేట్యాది తీసి పెట్టిన."

ఆ బిళ్లలో ఏదో కదిలింది. సోమ్లి ఇంకా దగ్గరికి వంగింది. చిన్నగా, చికిలించి చూస్తున్న కన్ను ఒకటి కనిపించింది. ఎరుపెక్కి ఉంది. అది తన కన్నే. ఓర్వలేని కన్ను ఎప్పటికైనా పడుతుంది బిడ్డా, ఈడికొచ్చి గుద్దుకోవాలె అని తల్లి అన్న మాట గుర్తొచ్చింది. ఆ కన్ను ఇరుగుపొరుగుదో పరాయి తండాదో అని చిన్నప్పటి నుంచీ అనుకుంది. తల్లి ఎవరి కన్ను నుంచి కాపాడాలని ఆ నల్లదారం కుట్టిందో ఆ కన్ను తన తలలోనే ఉందని ఇప్పుడు చూసింది.

నుదురు అద్దానికి ఆనించింది. "యాడీ..." అని రాగం మొదలైంది.

మ్యూజియంలో అలాంటి గొంతు ఎవరూ విని ఉండరు. చూడవచ్చినవాళ్లు ఎవరో చచ్చిపోయారనుకుని పక్కకు తప్పుకున్నారు. కాపలావాళ్లు పరుగున వచ్చారు. సోమ్లి ఏదీ వినే స్థితిలో లేదు. చాలాకాలానికి తల్లి కనిపించింది, మెడ పట్టుకుందామంటే అద్దం అడ్డం. అందుకని అద్దాన్నే పట్టుకుని సంగతులన్నీ ఏడుపులో చెప్పింది. సంతకు పోయింది, లేసు కొన్నది, బ్లేడుతో కోసింది, మాది కాదన్నది. ద్వాలి కోడిని తిట్టింది, ద్వాలి ఫోటో కనబడకుండా పొయ్యి మార్చింది, ద్వాలి మిరపచేను ఎండిపోవాలని మొక్కింది, అన్నీ. అంతా లంబాడీలోనే. ఆ హాలులో అర్థమైంది ఇద్దరికే. తుల్సీరాం నేల చూపులు చూశాడు. ద్వాలి మాత్రం వెనకనుంచి వచ్చి అక్క మెడ చుట్టూ చేతులు వేసి వంత కలిపింది. ఒంటరిగా ఏడవనివ్వకూడదు కదా.

ఏడుపు తగ్గాక నిర్మలాదేవి మెల్లగా అడిగింది. "ఏమైందమ్మా? ఏమంటోంది?"

సోమ్లి తల తిప్పి ద్వాలిని చూసింది. తెలుగులో చెప్పాల్సింది ద్వాలి. తల్లి గుర్తొచ్చి ఏడుస్తోందంటే సరిపోతుంది, అబద్ధం కూడా కాదు, అట్ట మీద పేరు అలాగే ఉండిపోతుంది. తనే ద్వాలి అయితే అలాగే చెప్పేది, అందులో సోమ్లికి అనుమానమే లేదు.

ద్వాలి పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "గీ పట్టీ నా పుట్టింటిది గాదు మేడం. మా అక్కోళ్ల యాడి కుట్టింది. ఆమె పేరు కమ్లి. అక్క నాకిచ్చింది. గాడ నా పేరు తప్పు వడ్డది, మార్చుండ్రి."

ఇచ్చింది అంది. తెంపింది అనలేదు, కోసింది అనలేదు. సోమ్లి అది గమనించింది.

నిర్మలాదేవి రవికె తీసుకుని అద్దం దగ్గర పెట్టి పోల్చి చూసింది. తల ఊపింది. కొత్త అట్ట రాయిస్తానంది. గుడ్డికన్ను సంగతి విన్నాక, "మరి ఈ అద్దం తీసేయమంటారా?" అని అడిగింది.

సోమ్లి ముక్కు చీదుకుంది.

"ఉండనీయుండ్రి. గా అద్దం ద్వాలిదని గూడ రాయుండ్రి," అంది. మళ్లీ ఏదో అనుమానం వచ్చినట్టు వేలు పైకెత్తింది. "ఒక్కటే అద్దమని రాయుండ్రి. మిగిలినయన్ని మా యాడియే."

తిరుగు బస్సు ఖమ్మం దాటింది. ఏన్కూరు దగ్గర ద్వాలి వేయించిన పల్లీలు కొని పొట్లం ఇటు జరిపింది.

"మిరపచేను సంగతి ఇన్నవా?" అంది సోమ్లి కిటికీలోకి చూస్తూ.

"ఇన్న."

"కోపం రాలే?"

"వచ్చింది," అంది ద్వాలి పల్లీ పొట్టు ఊదుతూ. "గని గా యేడు ఎండింది నీ చేనే గదక్కా. నాది మంచిగనే కాసింది."

సోమ్లికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంత మంచితనం కూడా దీనికే ఇవ్వాలా దేవుడా, కాస్త నాకు పెట్టకపోతివా అని అప్పటికప్పుడు మళ్లీ కడుపు మండింది. ఆ మంట కూడా దాచుకోలేదు.

"గా పేరు గూడ నాకే ఇడిసివెడ్తివి," అంది. "ఇంక నిన్ను తిట్టుకోనీకి ఏం మిగిల్చినవే నాకు?"

ద్వాలి పొట్లంలో మిగిలిన పల్లీలు ఆమె చేతిలో పోసింది.